గ్లైడర్ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులకు నమస్కారం.

రేడియో రిమోట్‌తో నడిపే మోడల్ గ్లైడర్లు ఎగరేయడానికే ఈ సంఘం పెట్టుకున్నామని అందరికీ తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. వానాకాలమంతా మైదానం బురదే. దసరా దాటాక మళ్లీ ఊపందుకున్నాం. శంకర్‌పల్లి వైపు తన బీడు భూమిని పైసా అడక్కుండా మనకు వదిలిన రైతు గారికి, ప్రతి ఆదివారం టీ ఫ్లాస్కులతో వచ్చే ఆయన కుటుంబానికి, విరిగిన టెయిల్ బూమ్‌లు (తోకను మోసే సన్నటి గొట్టాలు) ఇంట్లో కూర్చుని అతికించి ఇచ్చిన మన రిటైర్డ్ ఇంజినీర్ గారికి, గాలి దిక్కు చూపే రిబ్బన్ స్తంభాలు చేయించిన కోశాధికారి గారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఫిబ్రవరిలో మనం జరిపిన హ్యాండ్ లాంచ్ (చేత్తో విసిరి ఎగరేసే) పోటీ గురించి గర్వంగానే చెబుతాను. ఇలాంటి గ్లైడర్లకు ఉన్న అంతర్జాతీయ పోటీ తరగతి ఎఫ్3కె నిబంధనలే పాటించాం: రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 1.5 మీటర్లు, బరువు 600 గ్రాములు మించకూడదు. బెంగళూరు నుంచి వచ్చిన అతిథులు ఏర్పాట్లు మెచ్చుకుని వెళ్లారు. అయితే ఆ రోజును అందరూ గుర్తుపెట్టుకున్నది మాత్రం ఢీకొన్న రౌండ్ వల్లే. అందరూ ఒకేసారి విసిరి, ఎవరిది చివరిదాకా గాలిలో ఉంటుందో చూసే టాస్క్ అది. సిగ్నల్ పడిన 3 సెకన్లలో మోడల్ చెయ్యి వదలాలి. మైదానం తూర్పు అంచున రెండు గద్దలు తిరుగుతున్నాయి, అంటే అక్కడ థర్మల్ (పైకి లేచే వేడి గాలి) ఉన్నట్టే. అందరి కళ్లూ అటే, అన్ని గ్లైడర్లూ అటే. మన కుర్రాడు ఎడమకు తిరుగుతున్నాడు, అతిథి కుడికి. టప్పుమని ఒక్క శబ్దం. కుర్రాడి మోడల్ ఎడమ రెక్క మొదలంటా తెగింది. బాడీ తిన్నగా వచ్చి నేలలో దిగబడింది. రెక్క మాత్రం తిరుగుతూ తిరుగుతూ తాపీగా దిగింది. అతిథిది రెక్క కొస కొంచెం చిట్లినా చక్కగా చేతిలోకే వచ్చింది.

రీఫ్లైట్ (మళ్లీ ఎగరేసే అవకాశం) ఇమ్మని కుర్రాడు అడిగాడు. పాపం అనిపించింది కానీ, ఎఫ్3కెలో గాలిలో ఢీకొంటే రీఫ్లైట్ లేదు, పెనాల్టీ కూడా లేదు. మోటారుతో పైకెళ్లే ఎఫ్5జెలో అయితే ఇస్తారు. రూలు పుస్తకం చూడకుండా ఆ రోజు నాతో వాదించిన పెద్దలు ఇప్పుడైనా చూడగలరు.

దీన్ని దురదృష్టం అని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. పాత రేడియోల రోజుల్లో ఒక ఫ్రీక్వెన్సీని ఒకసారి ఒక్కరే వాడాలి కాబట్టి, ఫ్రీక్వెన్సీ బోర్డు మీద క్లిప్పు దొరికితేనే ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసేవాళ్లం. గాలిలో మోడళ్లు తక్కువే ఉండేవి. 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాక ఎంతమందైనా ఒకేసారి ఎగరేయవచ్చు. ప్రభుత్వ మ్యాపులో ఆకుపచ్చగా చూపిన గ్రీన్ జోన్‌లో అనుమతి లేకుండా ఎగరేయాలంటే 400 అడుగుల లోపే ఉండాలి. ఉన్నది ఒక్క థర్మల్ అయితే అందరం అందులోనే ఇరుక్కుంటాం. పైగా దూరాన ఉన్న రెండు మోడళ్లలో ఏది ముందుందో, ఏది వెనకుందో కింద నుంచి కంటికి తెలియదు. పైలట్ తన మోడల్ మీద నుంచి చూపు తిప్పలేడు. పక్కన స్పాటర్ (మిగతా మోడళ్లను గమనించే తోడు మనిషి) నిలబడి, 'నీ కింద ఒకటి వస్తోంది, బయటికి రా' అని అరవాల్సిందే. ముందు థర్మల్‌లోకి వెళ్లినవాడు ఎటు తిరిగితే మిగతావాళ్లూ అటే తిరగాలి. గద్దలకు ఈ సంగతి ఎవరూ నేర్పలేదు!

ఆ రౌండ్‌కు స్పాటర్లుగా పేరిచ్చిన వాళ్లలో సగం మంది రాలేదు. వాట్సాప్‌లో బొటనవేలు చూపించినంత తేలిక కాదు ఎండలో నిలబడటం. వచ్చినవాళ్లే లాంచ్ టైమింగ్, స్కోరు, పార్కింగ్ అన్నీ చూసుకున్నారు. వారికి మరోసారి ధన్యవాదాలు.

చెరువు పక్కన ప్రభుత్వ స్థలం కోసం పెట్టుకున్న అర్జీ ఇంకా 'పైన' ఉంది. ఏ పైనో అడిగితే సార్ మీటింగ్‌లో ఉన్నారంటారు. డ్రోన్ రూల్స్ 2021లో సరదాకు, చదువుకు ఎగరేసే మోడళ్ల ప్రస్తావన ఉన్న పేజీని జత చేసి ఇచ్చాం. అయినా పెళ్లిళ్ల ఫొటో డ్రోన్లకూ మనకూ తేడా ఏమిటని అడిగారు.

లెక్కలు ఆడిటర్ గారు చూశారు. ప్రతులు తలుపు దగ్గర ఉన్నాయి. చందా బాకీలు ఉన్నవాళ్ల పేర్లు చదవను, వారికి తెలుసు.

కార్యవర్గం తరఫున మీ ముందుంచుతున్న తీర్మానం: స్పాటర్ లేని పైలట్‌కు గ్రూపు రౌండ్‌లో చోటు లేదు. ఢీకొన్న మోడల్ చూడటానికి బాగానే ఉన్నా బూమ్, సర్వోలు (రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు), బ్యాటరీ తనిఖీ చేసి, రేంజ్ చెక్ (రేడియో సిగ్నల్ దూరానికి అందుతోందో లేదో చూడటం) అయ్యాకే మళ్లీ ఎగరాలి. నష్టం ఎవరిది వారిదే, సంఘం భరించదు. చర్చ భోజనాల ముందే పెట్టండి, తర్వాత ఎవరూ ఉండరు.

ఇట్లు,
కార్యదర్శి