డ్వాక్రా సంఘం అక్కకు, మనసారా

మా డిగ్రీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) స్పెషల్ క్యాంపు ఈసారి మార్కాపురం వైపు ఒక పల్లెలో పెట్టారు. ఇంటింటి సర్వే చేసి, ఇంకుడు గుంతలు ఎవరి వాకిట్లో తవ్వాలో తేల్చడం మా బృందం పని. కాగితాలు చూడగానే పింఛన్లు తీసేయడానికి వచ్చామనుకుని జనం తలుపులు వేసుకున్నారు. వాళ్ల భయం వాళ్లది, తప్పుపట్టను.

అప్పుడొచ్చారక్కా మీరు. మిరపకాయ కోతకు పోవాల్సినవారు ఆ పూట కూలి వదులుకుని, నెత్తిన కొంగు కప్పుకుని మా వెంట వీధి వీధీ తిరిగారు. "మన పిల్లలే వదినా, తలుపు తియ్యి" అంటూ.

సాయంత్రం రచ్చబండ దగ్గర మీటింగు. మీరే మాట్లాడతారనుకున్నారందరూ. మీరేమో మైకు నా చేతిలో పెట్టి, "నువ్వే నడుపమ్మాయ్, నీ పక్కనే కూర్చుంటా" అన్నారు. నా గొంతు ఆగిపోయినప్పుడు, "గుంత పూడిపోకుండా ఏం చెయ్యాల?" అని అడిగారు. జవాబు మీకు తెలుసు. నాతో చెప్పించడానికే అడిగారు! అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక అంటూ చెప్పుకుపోయాను.

1969లో, గాంధీజీ శతజయంతి ఏడాది మొదలైన పథకం మా ఎన్‌ఎస్‌ఎస్. ఏడాదికి 120 గంటల సేవ చేయాలంటారు. నాయకత్వం మీద క్లాసులూ విన్నాం, అవీ కావాలి. పదిమందిలో నోరు విప్పే ధైర్యం మాత్రం మీరిచ్చిందే.

మొదటి గుంతకు మీ వాకిలే ఇచ్చారు. పొదుపు సంఘంలో మిమ్మల్నీ ఇలాగే ముందుకు నెట్టినవాళ్లుంటే, వాళ్లకూ నా దండాలు. పేరు రాయొద్దన్నారు, రాయలేదు. వానలు పడ్డాక గుంతలు చూడ్డానికి అందరం వస్తామక్కా.