మీ పాత కెనూలు ఆలస్యమవుతున్నాయి, కారణం కలప

మరమ్మతుకి మా దగ్గరున్న పాత చెక్క కెనూలు, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవలు, చెప్పిన తేదీకి ఇవ్వలేకపోతున్నాం. ఈ మాట మీకు నేనే నేరుగా చెప్పాలి.

లోపల పక్కటెముకల్లా ఉండే రిబ్స్ కోసం మేం ఆర్డర్ ఇచ్చింది గాలికి ఆరిన వైట్ సెడార్ అనే తేలికపాటి కలప. ఏళ్ల తరబడి మాకు కలప ఇస్తున్న సప్లయర్ ఈసారి పంపింది యంత్రంలో వేడికి ఎండబెట్టిన సరుకు. పైకి చూస్తే తేడా తెలీదు, నార కూడా తిన్నగానే ఉంది, కానీ ఆవిరి పట్టి వంచగానే వంపు బయటివైపు నార లేచిపోయి విరిగింది. ఆవిరికి కర్రలోని లిగ్నిన్, అంటే నారల్ని పట్టి ఉంచే జిగురులాంటి పదార్థం, మెత్తబడితేనే రిబ్ వంగుతుంది. అంత వేడికి ఒకసారి ఎండాక అది బిగుసుకుపోతుంది, తర్వాత నానబెట్టినా పాత గుణం పూర్తిగా రాదు. ఫోన్ చేస్తే "ఎండిన కర్ర ఏదైనా ఒకటే కదండీ" అన్నాడు. ఇన్నేళ్ల పరిచయం తర్వాత ఆ మాట వినాల్సి రావడం బాధేసింది.

దాని బదులు యాష్ అనే గట్టి కలప వాడేద్దామా అని చాలా మథనపడ్డాను. బాగా వంగుతుంది, వెంటనే దొరుకుతుంది, మీ పడవలూ టైముకి వెళ్లిపోయేవి. కానీ వైట్ సెడార్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు బరువు, పైగా తడి తగిలితే త్వరగా కుళ్లుతుంది. మెత్తటి పాత రిబ్స్ మధ్య ఒక గట్టి రిబ్ ఉంటే పడవ రాయికి తగిలినప్పుడు అది సాగదు, ఆ దెబ్బంతా పక్కవాటి మీద పడుతుంది. ఇత్తడి చీలలు కూడా సెడార్‌లోకి దిగినంత తేలిగ్గా యాష్‌లోకి దిగవు, ముందే రంధ్రాలు పెట్టాలి. రెడ్ సెడార్ పైపలకలకి మంచిదే గానీ రిబ్‌గా వంచబోతే పెళుసు. యాష్ అంచు కర్రలతో వచ్చిన పడవలకి ఆ కర్రలు యాష్‌తోనే వేస్తాం, అక్కడ అది సరైన కలప. రిబ్స్‌కి మాత్రం వైట్ సెడారే, మీరు అడిగినా మార్చను.

వేరే కోత మిల్లులో గాలికి ఆరిన దుంగలు మాట్లాడుకున్నాం, ఈసారి ముక్క వంచి చూశాకే లోడు దింపించుకుంటాం. ఒప్పుకున్న రేటు మారదు, విరిగిన కలప ఖర్చు మాదే. ఆగలేమనుకుంటే అడ్వాన్స్ తిరిగిచ్చేస్తాను, పడవ తీసుకెళ్లండి. పైన బిగించే కాన్వాస్ గుడ్డ ఊడదీసి ఉన్న పడవల్ని ఎండలో పెట్టకండి, పలకలు ముడుచుకుని సందులు పడతాయి.