నాలుగు నెలలకే కోర్టులోకి దిగడాన్ని మెచ్చుకోకండి

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో ఒక కబడ్డీ అమ్మాయి ఫొటో వేశారు. మోకాలికి నీలం పట్టీ, చేతిలో కప్పు. మోకాలి ఆపరేషన్ అయిన నాలుగు నెలలకే కోర్టులోకి దిగి జట్టును గెలిపించిందని, పట్టుదలంటే అదేనని రాశారు. ఆ పిల్ల గెలుపు నాకూ సంతోషమే. కానీ మర్నాడు పొద్దున మా స్కూలు గ్రౌండులో ఒక అమ్మాయి ఆ వార్త కత్తిరించి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆ అక్క నాలుగు నెలలకే ఆడింది మేడం. నాకు ఏడో నెల. నన్నెందుకు దిగనివ్వరు?" అని అడిగింది. ఆ అమ్మాయికి చెప్పిన జవాబే మీకూ రాస్తున్నాను.

నేను ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. చిన్నప్పుడు నేనూ కార్నర్ ఆడినదాన్నే. ఇరవై ఒక్క ఏళ్లుగా ఆడపిల్లలతో కబడ్డీ ఆడిస్తున్నాను.

2018లో మా జట్టులో ఒక రైడర్ ఉండేది, పదో తరగతి. బోనస్ గీత తాకి వెనక్కి తిరుగుతోంది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ తొయ్యలేదు. ఎడమ పాదం నేలలో నాటుకుపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. గీత పక్కన నిలబడ్డ నాకు టప్ మన్న చప్పుడు వినిపించింది. కూత ఆగిపోయింది. సాయంత్రానికి మోకాలు కొబ్బరి బోండంలా వాచింది. సోడా బండి దగ్గర ఐసు తెచ్చి రాత్రి దాకా పెడుతూనే ఉన్నాను. (దెబ్బకు ఐసు పెట్టాలన్న సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికా డాక్టరు గేబ్ మిర్కిన్, ఐసు వల్ల మానడం ఆలస్యం కావచ్చని 2014లో తన మాట తానే సవరించుకున్నారు. నొప్పికి కాసేపు పెట్టుకోవచ్చు గానీ తెగినదాన్ని అది అతికించదు.) స్కానింగులో మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు పూర్తిగా తెగిందని తేలింది.

వాళ్ల నాన్న పొగాకు బ్యారన్‌లో పనిచేస్తాడు. రెండు పాడిగేదెలు అమ్మి ఆపరేషన్ చేయించాడు. అయిదో నెలలో ఆ పిల్ల స్కూలుకొచ్చి నా ఎదుట ఇరవై గుంజీళ్లు తీసింది. "నొప్పి లేదు మేడం, చూడండి" అంది. ఇంకో పది రోజుల్లో సెలక్షన్స్. లిస్టులో ఆమె పేరు రాసింది నేనే. రెండో మ్యాచ్‌లో అదే మోకాలు, అదే చప్పుడు. మళ్లీ ఆపరేషన్ చేయించడానికి ఆ ఇంట్లో అమ్మడానికేమీ మిగల్లేదు. ఇప్పుడు మండల కేంద్రంలో కుట్టుపని చేసుకుంటోంది. మిషన్ కుడికాలితోనే తొక్కుతుంది. పెళ్లి భోజనాల్లో బంతిలో కింద కూర్చోలేదు, కుర్చీ అడుగుతుంది. నన్ను చూస్తే ఇప్పటికీ నవ్వుతుంది. ఆ నవ్వు నాకు భరించడం కష్టం.

నొప్పి లేకపోవడం వేరు, మోకాలు సిద్ధంగా ఉండడం వేరు. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెగిన లిగమెంటు చోట డాక్టర్లు సాధారణంగా తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప కింద నుంచో ఒక పోగు తీసి అమరుస్తారు. అది ఎముకలో అతుక్కుని, రక్తం పట్టి, లిగమెంటులా గట్టిపడడానికి ఏడాది, కొందరికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. నొప్పి, వాపు మాత్రం చాలా ముందే పోతాయి. పిల్ల మోసపోయేదీ, మనం మోసపోయేదీ ఆ మధ్య కాలంలోనే.

నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి 106 మంది రోగులను ఆపరేషన్ తర్వాత రెండేళ్లు గమనించి 2016లో ఫలితాలు ప్రచురించారు. తొమ్మిదో నెల దాకా ఆట వాయిదా వేసిన ఒక్కో నెలకూ మోకాలు మళ్లీ దెబ్బతినే రేటు 51 శాతం తగ్గింది. కాలి బలం, గెంతుడు పరీక్షలు పాసవకుండా ఆటలోకి వెళ్లినవాళ్లలో 38 శాతం మందికి మళ్లీ గాయమైంది. పాసైనవాళ్లలో అది 6 శాతం లోపే. స్వీడన్‌లో 15 నుంచి 30 ఏళ్ల క్రీడాకారులు 159 మందిని చూసి 2020లో వెల్లడించిన ఫలితం ఇంకా భయపెడుతుంది: తొమ్మిది నెలల లోపే తిరిగొచ్చినవాళ్లలో లిగమెంటు మళ్లీ తెగే రేటు దాదాపు ఏడు రెట్లు.

తొమ్మిది అన్న అంకెలో మహిమేమీ లేదు, నిజమే. ఆ అధ్యయనాలు చిన్నవని అనేవాళ్లున్నారు. చిన్న వయసువాళ్లు రెండేళ్లు ఆగాలని వాదించే పరిశోధకులూ ఉన్నారు. కానీ నాలుగు నెలలు చాలని అనేవాళ్లు నాకు ఎక్కడా కనబడలేదు.

పరీక్షల మీదా వాదన ఉంది. మామూలుగా బాగున్న కాలితో పోల్చి, దెబ్బ తిన్న కాలు అందులో 90 శాతం చేయగలిగితే సరే అంటారు. అయితే నెలల తరబడి ఆట మానేస్తే బాగున్న కాలూ బలహీనపడుతుంది కదా! ఇది నేను నా టేపుతో చూశాను. 2018 తర్వాత ప్రతి జూన్‌లో నా పిల్లలందరినీ స్కూలు వరండాలో ఒంటికాలిపై గెంతించి, ఎంత దూరం పడ్డారో కొలిచి రిజిస్టర్లో రాసుకుంటున్నాను. పేపరు ముక్క తెచ్చిన అమ్మాయికి ఫిజియో అనుమతి ఇచ్చాక పోయిన శనివారం కొలిచాం. బాగున్న కాలితో 116 సెంటీమీటర్లు, ఆపరేషన్ కాలితో 93. పోల్చి చూస్తే 80 శాతం. రిజిస్టరు తీసి గాయానికి ముందు రాసుకున్న అంకె చూపించాను: 132. దాంతో పోలిస్తే 70 శాతమే. ఆ అమ్మాయి లెక్కల్లో మంచి పిల్ల. నా చేతిలో పెన్ను తీసుకుని, 132లో 90 శాతం లెక్కకట్టి 119 అని రాసి చుట్టూ సున్నా చుట్టింది. అంటే ఆ కాలితో అంత దూరం గెంతగలిగేదాకా కోర్టు జోలికి రాదు. గెంతడం ఒక్కటే చాలదని, తొడ బలం ఫిజియో దగ్గర విడిగా చూపించుకోవాలని కూడా ఒప్పించాను.

గాయమైనప్పుడు అసలు ఆపరేషన్ అవసరమా అని ఈ అమ్మాయి వాళ్ల నాన్న అడిగాడు. పుత్తూరు వెళ్లి కట్టు కట్టిద్దామన్నారు ఇంట్లో పెద్దవాళ్లు. ఎముక విరగలేదని, తెగింది లిగమెంటని చెప్పి నచ్చజెప్పాం. కానీ ఆయన అడిగిన ప్రశ్న డాక్టర్ల మధ్య ఇంకా నలుగుతున్నదే. స్వీడన్‌లో 121 మంది యువతీయువకులపై చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. వాళ్లలో సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు. మిగతావాళ్లకు ముందు వ్యాయామ చికిత్స ఇచ్చి, అవసరమైతేనే కోశారు. అయిదేళ్ల తర్వాత చూస్తే రెండో గుంపులో దాదాపు సగం మందికి ఆ ఆపరేషన్ అవసరమే పడలేదు, మోకాళ్ల పరిస్థితిలో రెండు గుంపులకీ తేడా లేదు. 2022లో బ్రిటన్‌లో 316 మందిపై చేసిన అధ్యయనం మరో మాట చెప్పింది. గాయం పాతబడి మోకాలు జారిపోతున్నవాళ్లకు ఆపరేషనే మేలు చేసిందని. స్వీడన్ వాళ్లు 18 ఏళ్లు దాటినవాళ్లనే తీసుకున్నారు, వృత్తి క్రీడాకారులను తీసుకోలేదు. కాబట్టి పదిహేనేళ్ల రైడర్‌కు ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు వర్తింపజేయలేం. మా అమ్మాయి విషయం డాక్టరుతో మాట్లాడి వాళ్ల నాన్నే తేల్చుకున్నాడు. ఏ దారిలో వెళ్లినా నెలల తరబడి వ్యాయామం మాత్రం తప్పదు. మన ఊళ్లలో కత్తికి డబ్బు పుట్టించుకుంటారు గానీ, వ్యాయామానికి బస్సు ఛార్జీ దండగ అనుకుంటారు. నాకు ఎక్కువ బాధ అక్కడే.

ఆడపిల్లల మోకాళ్లు బలహీనం, అందుకే తెగుతాయి అనే మాట ప్రతి టోర్నమెంటులో వింటాను. ఒకే ఆట ఆడే మగవాళ్ల కన్నా ఆడవాళ్లకు ఈ గాయం రెండు మూడు రెట్లు ఎక్కువన్నది నిజం. తుంటి వెడల్పా, హార్మోన్లా, నెలసరా అని పరిశోధిస్తున్నారు. నెలసరికీ దీనికీ సంబంధం ఉందేమో చూడడానికి ఫిఫా 2024లో లండన్‌లోని కింగ్‌స్టన్ యూనివర్సిటీకి నిధులిచ్చింది. చూడనివ్వండి, మంచిదే. కానీ 2021లో ముగ్గురు మహిళా పరిశోధకులు రాసిన వ్యాసం నాకు నా గ్రౌండునే చూపించింది. ఒంటిని మాత్రమే చూడకండి, ఆ ఒళ్లు పెరిగిన పరిస్థితులను చూడండి అన్నారు వాళ్లు. మగపిల్లాడు ఐదేళ్లప్పటి నుంచి గోడలు దూకుతాడు, చెట్లెక్కుతాడు, పడి లేస్తాడు. ఆడపిల్లకు పదేళ్లు రాగానే దూకొద్దంటాం. పద్నాలుగేళ్లకు నా దగ్గరికి వచ్చి, ఎలా దిగాలో ఒంటికి తెలియకుండానే గట్టి నేల మీద రైడుకు వెళుతుంది. దీన్ని పుట్టుకతో వచ్చిన బలహీనత అంటే నేను ఒప్పుకోను.

దిగడం నేర్పితే గాయాలు తగ్గుతాయని రుజువైంది కూడా. స్వీడన్‌లో 12 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలు 4,564 మందితో చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. వారానికి రెండుసార్లు, పావుగంట చొప్పున ఆరు వ్యాయామాలు. ఏసీఎల్ గాయాలు 64 శాతం తగ్గాయి. ఒంటికాలి గుంజీళ్లు, రెండు కాళ్ల గుంజీళ్లు, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం, మోచేతుల మీద ఒళ్లు నిలపడం, పెద్ద అడుగు వేసి ముందుకు వంగడం, గెంతి మెత్తగా దిగడం. ఇంతే. పరికరాలు అక్కర్లేదు, జిమ్ అక్కర్లేదు. దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా పాదం వేళ్ల దిశగా ఉండాలి. నేను పిల్లలను ఇద్దరిద్దరిగా ఎదురెదురుగా నిలబెట్టి ఒకరి మోకాలు ఇంకొకరు చూడమంటాను. "నీ మోకాళ్లు ముద్దు పెట్టుకుంటున్నాయే!" అని అరుచుకుంటారు. నేను చెప్పేదానికన్నా అదే బాగా పనిచేస్తుంది.

సంపాదకుల వారూ, పట్టుదలకు ఉదాహరణ కావాలంటే కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్‌ గురించి రాయండి. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో మోకాలి లిగమెంటు తెగింది. అదే నెలలో రాష్ట్రపతి భవన్‌లో అర్జున అవార్డు చక్రాల కుర్చీలో కూర్చుని అందుకుంది. మళ్లీ ఆసియా పోటీల్లో మ్యాటు ఎక్కింది 2017 మేలో, వెండి పతకం తెచ్చింది. మధ్యలోని ఆ తొమ్మిది నెలలు కూడా వార్తే. గాయపడిన పిల్ల గురించి రాసేటప్పుడు ఎన్నో నెల, ఏ పరీక్షలు పాసైంది, ఎవరు అనుమతించారు అన్న మూడు ముక్కలు అడిగి రాయమని మీ విలేకరులకు చెప్పండి. టోర్నమెంట్లు నడిపేవాళ్లకూ ఒక మనవి: ఎంట్రీ ఫారంలో ఆధార్, పుట్టిన తేదీ అడుగుతున్నారు. గత ఏడాదిలో మోకాలి ఆపరేషన్ జరిగిందా అన్న గడి ఒకటి చేర్చండి.

నా పేరు వేస్తే ఆ ఇద్దరు పిల్లలెవరో తెలిసిపోతుంది, అందుకని వేయవద్దు. మీ విలేకరి రావాలనుకుంటే చిరునామా కవరు మీద ఉంది. సోమ, గురువారాల్లో పొద్దున ఆరున్నరకు ఆ పావుగంట వ్యాయామం చేయిస్తాం. ఫొటోగ్రాఫర్‌నూ వెంట తెచ్చుకోమనండి.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు,
ప్రకాశం జిల్లా