తబలా దొరికాడు

చిక్కడపల్లి, హైదరాబాద్
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది. జవాబు రాయనందుకు ఎంతైనా తిట్టుకో. కానీ ఈ ఉత్తరాన్ని మాత్రం మధ్యలో మడిచి పక్కన పెట్టకు. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. వాడి పేరు వినగానే "సరేలే, ఇంకేంటి సంగతులు" అని మాట మార్చేస్తావు. ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్నావు. కాగితం మీదైతే నా మాటకి అడ్డం రాలేవు.

ఇంటి కబుర్లు ఒక్క ముక్కలో: అమ్మ మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి, పిల్లది పదో తరగతికి వచ్చింది, మీ ఆవిడ పంపిన మాగాయ వారానికే అయిపోయింది. నాకు ఆఫీసులో ఊపిరాడటం లేదు. అంతే.

తబలా దొరికాడు.

మన తబలాయే. మళ్ళీ రాస్తున్నాను, నమ్మకం కుదరదేమోనని. మొన్న గురువారం రాత్రి మా ఇంట్లో, మా అమ్మ చేతి ఉప్మా తిన్నాడు.

మొదటి నుంచీ చెప్తాను. గురువారం సాయంత్రం నుంచి ఒకటే వాన. ఇక్కడ వాన సంగతి నీకు తెలిసిందే, గంట పడితే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర మోకాలి లోతు నీళ్ళు. ఎనిమిదింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ అరగంటకే చేతులెత్తేసింది. నా సెల్లులో చార్జింగ్ అయిపోయింది, మా ఆవిడదీ అంతే. కొవ్వొత్తి పెట్టుకుని హాల్లో కూర్చున్నాం. అప్పుడు మోగింది ల్యాండ్‌లైన్.

రెండే రెండు రింగులు. ఆగిపోయింది.

మన అపార్ట్‌మెంటులో ల్యాండ్‌లైన్ ఉన్న ఇల్లు మాదొక్కటే తెలుసా? పోయిన నెల లైన్‌మన్ వచ్చి, రాగి తీగ తీసేసి ఫైబర్ వేయించుకోమన్నాడు. ఫైబర్ అయితే కరెంటు పోయినప్పుడు పనిచేస్తుందా అని అడిగాను. ఇంట్లో పెట్టే డబ్బాకి కరెంటు ఉండాలి, లేదంటే బ్యాటరీ పెట్టుకోవాలి అన్నాడు. మరి ఇదెలా పనిచేస్తోందంటే, దీనికి కావలసిన కరెంటు ఆ రాగి తీగలోంచే వస్తుందట. ఎక్స్ఛేంజిలో పెద్ద పెద్ద బ్యాటరీలు ఉంటాయి, అక్కడి నుంచి 48 వోల్టులు ఎప్పుడూ లైన్లో ఉంటాయి, అందుకే వీధంతా చీకటైనా ఫోను మోగుతుంది అని చెప్పాడు. ముప్ఫై ఏళ్ళు ఇంట్లో పెట్టుకుని ఈ సంగతి నాకు తెలియలేదు. నాన్న ఉంటే ఆ లైన్‌మన్‌ని కూర్చోబెట్టి టీ ఇచ్చి ఇంకా ఎన్ని అడిగేవాడో.

అంత తెలిసీ నేనేం చేశానో చెప్పనా? లైను వద్దని దరఖాస్తు రాసి పెట్టాను. నెలనెలా అద్దె కట్టడం, ఎత్తితే ఎవరో లోను కావాలా అనడం, ఎందుకిది అనిపించింది. ఆ కాగితం ఫోను కిందే ఉంది, సోమవారం ఇద్దామని. గురువారం రాత్రి ఆ కాగితం మీదే ఫోను మోగింది.

రెండు రింగులు, ఆగిపోయింది. రెండు నిమిషాలకి మళ్ళీ రెండు రింగులు, ఆగిపోయింది.

సూరీ, నీకు ఇంకా వివరించి చెప్పాలా? లైబ్రరీ దగ్గరి కాయిన్ ఫోను. రూపాయి వెయ్యక ముందే పెట్టేయాలి. ఒక్క రింగు అయితే లైబ్రరీకి రా. రెండు అయితే గేటు దగ్గరే ఉన్నాను, బయటికి రా. మూడు అయితే... మూడు సంగతి ఇక్కడ రాయను, మీ ఆవిడ చదువుతుంది. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఈ లెక్క తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ముగ్గురమే. నేను ఇక్కడున్నాను. నువ్వు విశాఖలో ఉన్నావు.

అమ్మ మాత్రం మామూలుగా, "ఇది కొత్తేం కాదురా, అప్పుడప్పుడూ ఇలాగే రెండుసార్లు మోగి ఆగిపోతుంది, నీకు చెప్పాను కదా" అంది. చెప్పింది. నిజంగానే చెప్పింది, నాన్న పోయిన ఏడాది కూడా చెప్పింది. లైన్లో ఏదో లోపం అనుకుని వదిలేశాను. సెల్లు అయితే మిస్డ్ కాల్ అని నంబరు చూపించేది. మా పాత ఫోనులో తెరే లేదు. మోగినంతసేపే దానికి జ్ఞాపకం, ఆగిపోయాక ఎవరు చేశారో దానికీ తెలియదు.

మూడోసారి మోగేసరికి అమ్మ పక్కనే ఉంది, మొదటి రింగుకే ఎత్తేసింది. "ఎవరు నాయనా?" అంది. అటు నుంచి ఏమీ లేదు. "ఎవరు?" అంది మళ్ళీ. తర్వాత అమ్మ ముఖం మారిపోయింది. "ఒరేయ్, నువ్వా! ఎక్కడున్నావురా? తిన్నావా?" అంది. వాడు అన్నది ఒక్క మాటే, "అత్తమ్మా" అని. ఇరవై ఏళ్ళ తర్వాత ఒక్క మాటకి గుర్తుపట్టింది.

చూడు, ఇదే నేను మూడు రోజులుగా ఆలోచిస్తున్నది. వాడు నా సెల్లుకి చేసి ఉంటే నేను ఎత్తేవాణ్ణి కాదు. పేరు లేని నంబరు వస్తే నేను ఎత్తను, నువ్వూ ఎత్తవు, ఇప్పుడు ఎవరూ ఎత్తరు. ల్యాండ్‌లైన్ మోగితే ఎవరో తెలియకుండానే ఎత్తాలి, ఇంట్లో ఎవరు దగ్గరుంటే వాళ్ళు ఎత్తాలి. సెల్లు మనిషికి మోగుతుంది, అది ఇంటికి మోగేది. వాడు నన్ను పలకరించడానికి భయపడ్డాడు, మా ఇంటిని పలకరించగలిగాడు.

వాడు ఎక్కడున్నాడు అంటే, మా బిల్డింగు కింద! కిరాణా కొట్టు రేకు కింద తడుస్తూ నిలబడి ఉన్నాడు. సాయంత్రం నుంచి మా వీధిలో తిరిగాడట. వేపచెట్టు లేదు, అరుగు లేదు, మన ఇల్లు ఉన్నచోట ఐదంతస్తులు. గేటు దగ్గర పేర్ల పట్టీ చూద్దామంటే చీకటి. ఇంక వాడికి మిగిలింది మా నంబరు ఒక్కటే. బిల్డర్‌కి ఇచ్చినప్పుడు పక్క వీధిలో అద్దెకున్నాం కదా, అప్పుడు లైను అక్కడికి మార్పించి, మళ్ళీ ఇక్కడికి మార్పించాం. ఒకే ఎక్స్ఛేంజి కాబట్టి నంబరు అదే. రెండుసార్లూ అమ్మే పట్టుబట్టింది. నాన్న 1987లో పెట్టుకున్న దరఖాస్తుకి 1993లో వచ్చిన ఫోను అది, ఎలా వదులుకుంటాం అంది. ఇల్లు పోయినా నంబరు మిగిలింది. వాడు ఆ నంబరు పట్టుకుని మా ఇంటి తలుపు దాకా వచ్చాడు.

నేను ఆ చీకట్లో మెట్లు దిగాను. లిఫ్టు లేదు. కింద వాడి ఫోను వెలుగులో ముఖం కనబడింది. జుట్టు తెల్లబడింది, పొట్ట వచ్చింది, చేతి వేళ్ళు మాత్రం అవే, ఫోను వెనకాల టకటకా కొడుతూ. ఇద్దరం ఏం మాట్లాడలేదు కాసేపు. తర్వాత వాడు "తాళం ఇంకా ఉందా?" అన్నాడు.

ఉంది! నాన్న ఫోనుకి వేసిన ఆ బుల్లి తాళం అమ్మ కుట్టుమిషను డబ్బాలో ఉంది. పైకి వచ్చాక తీసి చూపించింది. నీకు గుర్తుందా, డయలు తిరక్కుండా కన్నంలో తాళం వేసి నాన్న ఆఫీసుకి వెళ్ళిపోతే, వీడు రిసీవర్ ఎత్తి, అది పెట్టేచోట ఉన్న బొడిపెలు కొట్టి నంబరు కలిపేవాడు. నాలుగు కావాలంటే నాలుగుసార్లు, సున్నా కావాలంటే పదిసార్లు. ఒక్క దెబ్బ ఆలస్యమైతే ఎవరింటికో వెళ్ళేది. నువ్వూ నేనూ ఎంత ప్రయత్నించినా ఒక్కసారీ కలవలేదు. వాడు కళ్ళు మూసుకుని కొట్టేవాడు. అందుకే కదా తబలా. ఆ పేరు పెట్టింది నువ్వే, మర్చిపోకు. గురువారం రాత్రి పుష్ బటన్ ఫోను మీద కూడా కొట్టి చూపించబోయాడు. మా పిల్లది నోరు తెరుచుకుని చూసింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికే కూర్చున్నాను, ఇక్కడికి వచ్చేసరికి చెయ్యి ఆగుతోంది.

ఆ పద్దెనిమిది వేలు.

వాడు 2004 జూన్‌లో మస్కట్ వెళ్ళాడు. చెప్పకుండా వెళ్ళాడు, అది తప్పే, వాడూ తప్పే అంటున్నాడు. కానీ నాలుగో నెలలో నీకు ఫోన్ చేశాడట సూరీ. రాంనగర్ ఇంటి నంబరుకి. ఆ నంబరు ఉపయోగంలో లేదు అని వచ్చిందట. మళ్ళీ మళ్ళీ చేశాడట. గుర్తు తెచ్చుకో, 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యాక మనందరం సెల్లులు కొన్నాం కదా. అంతకుముందు వచ్చిన కాల్‌కి కూడా మనమే డబ్బు కట్టాలి, అందుకే ఎవరికీ ధైర్యం లేదు. నువ్వు సెల్లు కొన్నావు, విశాఖలో ఉద్యోగం వచ్చింది, వెళ్తూ వెళ్తూ రాంనగర్ లైను తీసేయించావు. వాడు మాత్రం నువ్వు కోపంతో నంబరు మార్చేశావనుకున్నాడు. నువ్వేమో వాడు డబ్బు ఎగ్గొట్టి మాయమయ్యాడనుకున్నావు. సెల్లు నంబర్లేమో, అప్పట్లో కంపెనీ మారితే నంబరు పోయేది, అదే నంబరుతో మారే వీలు దేశమంతా వచ్చింది 2011లో కదా. ఆలోపు నువ్వే మూడు నంబర్లు మార్చావు. నీ నంబరు వాడికి ఎక్కడ దొరుకుతుంది? ల్యాండ్‌లైన్‌కి డైరెక్టరీ అని ఒక లావు పుస్తకం ఉండేది, పేరు తెలిస్తే చాలు, ఎవరి ఇంటికైనా దారి దొరికేది. సెల్లుకి అలాంటి పుస్తకం ఏది?

మరి మా ఇంటికి ఎందుకు చేయలేదురా అని అడిగాను. చేశానన్నాడు. రెండు రింగులు అయ్యేసరికి, ఎత్తితే డబ్బు సంగతి అడుగుతారు, ఏం చెప్పాలి అని పెట్టేసేవాడట. ఎన్నిసార్లు అని అడిగితే చెప్పలేదు. అమ్మకి తెలుసు.

నేను ఆ రోజు రాత్రి నిద్రపోలేదు. ఆ దరఖాస్తు ఒక్క నెల ముందు ఇచ్చి ఉంటే... వద్దులే.

గురువారం కూడా మొదట కలవలేదట. వాడి బుర్రలో ఉన్నది మన చిన్నప్పటి ఆరంకెల నంబరు. తర్వాత ఏడంకెలు అయింది, ఆ తర్వాత ముందు 2 చేరి ఎనిమిది అయింది, అవన్నీ ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకున్నాడు. ముందు 040 కొట్టాలని కిరాణా కొట్టతను చెప్పాడట. వాడికి వాడి భార్య నంబరు కూడా నోటికి రాదు. నాకూ మా ఆవిడది రాదు, చూసి చెప్పాల్సిందే. మా నంబరు మాత్రం ముగ్గురికీ వచ్చు. నీకు వచ్చు కదా? ఇప్పుడే ఒకసారి పైకి అనుకో.

వాడి కూతురికి ఇక్కడ కాలేజీలో సీటు వచ్చింది, హాస్టల్లో చేర్చడానికి వచ్చాడు. పనులన్నీ అయ్యేవరకు, అంటే వచ్చే శనివారం దాకా ఉంటాడు. డబ్బు కవరులో పెట్టుకుని తెచ్చాడు, నాకు ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు. అది నీ చేతికే రావాలి. నీ సెల్లు నంబరు అడిగాడు. ఇవ్వలేదు రా. ఇవ్వాలని నోటిదాకా వచ్చింది. నిన్ను అడగకుండా ఇవ్వకూడదనిపించింది. వాడు కూడా మళ్ళీ అడగలేదు, తల ఊపాడు. ఆ తల ఊపడం చూసి ఉంటే నువ్వు...

అమ్మ నీ మీద కోపంగా ఉంది. ఇద్దరూ ఆ అరుగు మీద పెరిగారు, నా చేతి అన్నం తిన్నారు, పద్దెనిమిది వేలకి ఇరవై ఏళ్ళా అంటోంది. నేను నీ వైపు మాట్లాడాను, నువ్వు ఆ డబ్బు ఎలా కూడబెట్టావో నాకు తెలుసు, మీ చెల్లి పెళ్ళికి అది ఎంత అవసరమైందో కూడా తెలుసు. నీ కోపం తప్పని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. కానీ వాడు ఫోన్ చేశాడు సూరీ. నీకు మోగలేదు, అంతే.

లైను తీయించడం లేదు. ఆ కాగితం అమ్మ చింపేసింది. అమ్మ నా సెల్లుకి దాని నుంచే చేస్తుంది, 2021 జనవరి నుంచి సెల్లుకి చేయాలంటే ముందు సున్నా కొట్టాలని రూలు వచ్చింది కదా, గోడ మీద పెద్ద సున్నా గీసి పెట్టుకుంది. ఫైబర్ సంగతి ఇంకా తేల్చుకోలేదు, లైన్‌మన్ మళ్ళీ వస్తానన్నాడు.

తబలా రోజూ రాత్రి తొమ్మిదింటికి మా ఇంటికి వస్తున్నాడు. భోజనం ఇక్కడే. హాల్లో ఫోను పక్కన ఉన్న పాత కుర్చీలోనే కూర్చుంటున్నాడు, ఎందుకో నేను అడగలేదు. నువ్వు మాట్లాడాలని ఏమీ లేదు. రెండు రింగులు ఇచ్చి పెట్టేసినా వాడికి

మా మేనల్లుడు బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డాడు, గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి ఆటో వచ్చేసింది. ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను, రేపు పొద్దున్నే నీ చేతిలో పెడతాడు. పిల్లాడికి టిఫిన్ పెట్టి పంపు. ఇంకా చాలా ఉంది, వాడి మస్కట్ సంగతులు, కూతురి పేరు ఏం పెట్టాడో, అయ్యో అది చెప్పనేలేదు, హారన్ కొడుతున్నాడు

నీ
రఘు