డ్యూటీకి పోయే ముందు ఇంత తిని పో తల్లీ

కావలి,
ఆదివారం.

చిట్టితల్లీ,

పండక్కి వచ్చినప్పుడు నీ చేతి గాజులు ఎంత వదులైనాయో చూసినాను. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఆరున్నరకల్లా గది తాళం వేసి పరిగెత్తాలి, టిఫిన్ చేసుకునే టైము యాడుందమ్మా అన్నావు. పొద్దస్తమానం వార్డులో నిలబడేదానికి టీ, రెండు బిస్కెట్లు ఎట్టా సరిపోతాయి?

నెల్లూరు కాలేజీకి రైల్లో పోయే రోజుల్లో కారం దోసె చుట్టిచ్చేదాన్ని. బిట్రగుంట దాటకముందే డబ్బా ఖాళీ చేసేదానివి. మద్రాసుకు వచ్చి రోజూ చుట్టియ్యలేను కదా. అందుకే నాలుగు ఆదివారాల నుంచి పిన్ని వాళ్ల ఓవెన్‌లో ఎగ్ మఫిన్లు చేసి చూస్తా ఉన్నాను. మన పొంగనాల మాదిరే గుంతల్లో పోసేదే, కాకపోతే పిండి బదులు గుడ్లు. ఆదివారం గంట సేపు పెట్టుకుంటే బుధవారం దాకా చూసుకోనక్కర్లేదు.

ఆరు గుంతల ట్రేకి ఆరు గుడ్లు, నాలుగు చెంచాల పాలు, ఉప్పు, మిరియాల పొడి. పాలు ఎక్కువ పోయొద్దు, మెత్తబడి విరిగిపోతాయి. నురగ వచ్చేదాకా గిలక్కొట్టే పని లేదు, తెల్లసొన పచ్చసొన కలిస్తే చాలు.

అసలు సంగతంతా కూరల్లో ఉంది. మొదటిసారి టమాటా, ఉల్లిపాయ పచ్చివే వేసినాను. అడుగున నీళ్లు ఊరి, మరుసటి రోజుకు తడి గుడ్డలాగా అయినాయి. గుడ్డు గట్టిపడేటప్పుడు కూరగాయ వదిలే నీళ్లు పోయే దారి లేక అక్కడే నిలబడిపోతాయి. కాబట్టి ఉల్లిపాయ, క్యాప్సికం, పాలకూర ఏదైనా సరే, బాండలిలో తడి ఆరేదాకా వేయించి, చల్లారినాక గుంతల్లో వెయ్యి. టమాటా అయితే గింజలు తీసెయ్. నాకు అన్నిట్లోకీ నచ్చింది మునగాకు. వెల్లుల్లి రెండు రెబ్బలు నలగ్గొట్టి, ఎండుమిరపకాయతో వేయించి వేస్తే ఇల్లంతా కమ్మటి వాసన.

గుంతలకు నూనె మూలమూలా పట్టించు, గుడ్డు అంటుకున్నంత గట్టిగా ఇంకేదీ అంటుకోదు. గుడ్ల సొన గుంతలో ముప్పాతిక వరకే పోయాలి. నీ ఓటీజీ, అదే ఆ చిన్న కరెంటు ఓవెన్, ముందే 180 డిగ్రీల్లో పది నిమిషాలు వేడెక్కనిచ్చి, మధ్య అరలో 20 నుంచి 25 నిమిషాలు పెట్టు. నడిమధ్య టూత్‌పిక్ గుచ్చితే పచ్చి గుడ్డు అంటకూడదు. ఓవెన్‌లో బూరెల్లా పొంగుతాయి, బయటికి తీయగానే అణిగిపోతాయి. లోపలి ఆవిరి పోయినందువల్లే అది, చెడిపోయినాయనుకుని బాధపడొద్దు.

బాగా చల్లారినాకనే డబ్బాలో పెట్టు, లేకపోతే మూతకు ఆవిరి పట్టి నీళ్లు కారతాయి. అట్టాగని రెండు గంటలకు మించి బయట ఉంచొద్దు, మద్రాసు వేడి నీకు తెలియంది కాదు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు బాగుంటాయి. మిగిలినవి విడివిడిగా చుట్టి డీప్ ఫ్రిజ్‌లో వేసి, ముందు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి దించుకో. పొద్దున మైక్రోవేవ్‌లో సగం పవర్ మీద నిమిషం లోపే చాలు. ఎక్కువైతే గుడ్డులో నీరంతా పిండేసినట్టయి రబ్బరులా సాగుతుంది.

రెండు తింటే రెండు గుడ్లు తిన్నట్టే, పన్నెండు గ్రాముల ప్రోటీన్. రోగులకు రోజూ చెప్పేదానివి, నీకు నేను చెప్పాలా?

గురువారం తమ్ముడు వస్తున్నాడు. ట్రే, ఎండబెట్టిన మునగాకు, వెల్లుల్లి కారం వాడి సంచిలో పెడతాను. మొదటి వాయి తీసినాక ఒకటి అడ్డంగా కోసి ఫోటో పంపు. ఉల్లిపాయలు సరిగ్గా వేగినాయో లేదో నేను చూడాలి.

మీ అమ్మ