చెడగొట్టనిచ్చినవాళ్ళకి దండం

నిన్న ఆదివారం హైదరాబాద్‌లో బాచుపల్లి దగ్గర ఒక జీ ప్లస్ టూ ఇంట్లో పైపులైన్ టెస్టింగ్ పెట్టాను. ప్లంబర్‌గా మొదటి నుంచి చివరి దాకా నేనొక్కడినే ఒప్పుకున్న మొదటి ఇల్లది. పైపుల కోసం గోడల్లో కొట్టిన గాడులింకా పూడ్చలేదు. చేతిపంపుతో పైపుల్లోకి నీళ్ళు ఎక్కించి గేజీలో ముల్లు 7 కేజీల ప్రెషర్ మీద ఆపాను. ఎక్కడైనా లీకుంటే ముల్లు దిగిపోతుంది. టీ తాగొచ్చి చూస్తే అక్కడే ఉంది. అన్నం తినొచ్చి చూసినా అక్కడే ఉంది. ఇంటాయన "ఇంక చాలు, వదిలెయ్యండి" అన్నా నాకే మనసొప్పక సాయంత్రం నాలుగింటి దాకా దాని ముందే కూర్చున్నా. ఈ నాలుగు ముక్కలు రాయాలనిపించింది అక్కడే.

నన్నెరిగినవాళ్ళలో సగం మందికి నేనింకా లెక్కల సారునే. పద్నాలుగేళ్ళు ప్రైవేటు స్కూల్లో లెక్కలు, ఫిజిక్సు చెప్పాను. 2020 మార్చిలో బడి మూతపడింది. జీతం ముందు సగమైంది, తర్వాత అదీ లేదు. 2021లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చినప్పుడు రేషన్ షాపు ముందు నిలబడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ బియ్యానికీ దండమే.

పని నేర్చుకుందామని ముందు ఒక ట్రైనింగ్ సెంటర్లో చేరాను. పేరెందుకు లెండి. నెల రోజులు తెర మీద పైపుల బొమ్మలు చూపించి సర్టిఫికెట్టు చేతిలో పెట్టారు. ఒక్క పైపు కోయించలేదు. ఐటీఐలో ప్లంబర్ ట్రేడు ఏడాది కోర్సు, మంచిదే, కానీ ఇద్దరు పిల్లల ఫీజులున్నవాడికి ఏడాది ఖాళీగా గడవదు.

అప్పుడు దొరికాడు నా పాత స్టూడెంటు. పదో తరగతి లెక్కల్లో తప్పి, ఎలక్ట్రికల్ పనిలోకి వెళ్ళిపోయిన కుర్రాడు. "రండి సార్, మా సైట్లో ప్లంబింగ్ మేస్త్రి ఉన్నాడు" అని బండి మీద ఎక్కించుకుపోయాడు. అక్కడ అందరి ముందూ సార్ సార్ అంటుంటే మేస్త్రి నన్ను కిందికీ పైకీ చూసి, "ఈయన సార్ అయితే పైపులెవరు మోస్తారు?" అన్నాడు. నేనే మోశాను. ఎనిమిది నెలలు. నాన్నా, నువ్వు ఆ రోజు బండి ఆపకుండా వెళ్ళిపోయినా నిన్నేమీ అనుకునేవాణ్ణి కాదు.

మేస్త్రిది ఒడిశా, కేంద్రపడా జిల్లా, పట్టాముండై దగ్గర పల్లె. దేశంలో ఏ ఊళ్ళో పెద్ద బిల్డింగు లేచినా ఆ ప్రాంతం ప్లంబర్లు కనబడతారు. పట్టాముండైలో ప్లంబింగ్ నేర్పడానికే ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. మా మేస్త్రి మాత్రం దాని గడప తొక్కలేదు, మేనమామ వెంట తిరిగి నేర్చుకున్నాడు. చదువు ఐదో తరగతి. కొళాయి మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, ట్యాంకు ఎంత ఎత్తులో ఉందో చెప్పేస్తాడు. పది మీటర్ల ఎత్తుకి ఒక కేజీ ప్రెషర్ అని నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు, అది వేలికి ఎలా తగులుతుందో మాత్రం నాకు ఆయన దగ్గరే తెలిసింది. పై అంతస్తులో షవరు ఎందుకు ఏడుస్తుందో ఇప్పుడు ఎవరడిగినా చెప్పగలను. ట్యాంకు దాని నెత్తి మీద రెండు మీటర్లే ఉంటుంది, మరి బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? పైపు సైజు పెంచాలి, ఎల్బోలు, అంటే మలుపులు తగ్గించాలి, లేదా ట్యాంకు లేపాలి.

డ్రెయినేజీకి వాటం కూడా ఆయన లెక్కే: మీటరుకి ఇంచి. నేను ఒకటికి నలభై, అంటే నలభై మీటర్లకి ఒక మీటరు దిగాలి అని చెప్పబోతే "అదే కదా నేనూ అంటున్నది" అన్నాడు.

ఇక అసలు దండం నిజాంపేటలో రెండో అంతస్తు అమ్మకి. ఆమె పేరు రాయొద్దన్నారు. మేస్త్రి ఊరెళ్ళినప్పుడు ఆవిడ గీజరు లైను నేనొక్కడినే వేశాను. వేడినీళ్ళకి వాడే సీపీవీసీ పైపు ఒక ముక్క తక్కువ పడింది. షాపు మూసేశారు, ఆవిడకి పొద్దున్నే నీళ్ళు కావాలి. సంచిలో తెల్ల యూపీవీసీ ముక్క ఉంది. రెండింటి సైజు కలవదు, పైపులు అతికే సొల్యూషన్‌తో అతుక్కోదు. నేను తెలివిగా రెండు వైపులా మరలుండే థ్రెడ్ ఫిట్టింగులు పెట్టి బిగించేశాను. రేపు మారుద్దాంలే అనుకున్నాను, ఆ రేపు రాలేదు. యూపీవీసీ చన్నీళ్ళ పైపు, వేడికి మెత్తబడుతుంది. మూడు వారాలకి కింద ఫ్లాటు వాళ్ళ సీలింగు మీద చెమ్మ మచ్చ, పళ్ళెమంత. టైల్సు పగలగొట్టాల్సి వచ్చింది.

తిడతారనుకున్నా. నిజానికి తిట్టారు కూడా, కింద ఫ్లాటాయన బాగానే తిట్టాడు. అమ్మ మాత్రం "చెడగొట్టినవాడివి, నువ్వే సరిచెయ్యి, ఇంకొకణ్ణి పిలిస్తే నీకెలా తెలుస్తుంది" అని తలుపు తీశారు. ఆ గాడి తెరిచి చూస్తే నా తెల్లముక్క విల్లులా వంగి ఉంది. ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పటికీ సామాన్ల సంచి అడుగున ఉంటుంది.

హార్డ్‌వేర్ షాపు సేఠ్ ఆ టైల్సు, పైపు పానా, కట్టరు అన్నీ అప్పు పుస్తకంలో రాసుకుని ఇచ్చాడు. నాలుగు నెలలు ఒక్కసారి కూడా అడగలేదు. మా ఆవిడకి ఇక్కడ ధన్యవాదాలు చెబితే నవ్వుతుంది కాబట్టి చెప్పను. "ఏం చేస్తున్నారు మీవారు" అని చుట్టాలు అడిగితే మొదటి రోజు నుంచీ "ప్లంబింగు" అని తడుముకోకుండా చెప్పింది తనే. నాకే ఏడాది పట్టింది.

అన్నట్టు, వేసవిలో ఊరెళ్ళొచ్చాక బాత్రూం కంపు కొడితే వెంటనే ప్లంబర్‌ని పిలవకండి. జాలీ కింద ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉండే వంపు ఉంటుంది, దాన్నే ట్రాపు అంటాం. అందులో నీళ్ళు ఆరిపోయి ఉంటాయి. ఆ రెండంగుళాల నీళ్ళే గ్యాసు పైకి రాకుండా ఆపేది. రెండు చెంబులు పోసి చూడండి. తగ్గకపోతే అప్పుడు పిలవండి.

నిన్న సాయంత్రం మేస్త్రికి ఫోన్ చేశాను. పట్టాముండైలో ఉన్నాడు, కూతురి పెళ్ళి పనులు. ముల్లు కదల్లేదని గొప్పగా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

"గేజీ చూసేది నీళ్ళ లైనే కదా మాస్టర్. డ్రెయినేజీలో నీళ్ళు నింపి జాయింట్ల కింద పేపర్ పెట్టావా?"

పెట్టలేదు. ఇంటికి వెళ్ళే దారిలో బండి తిప్పి, కిరాణా కొట్లో పాత పేపర్లు ఒక కిలో కొనుక్కుని మళ్ళీ బాచుపల్లి వెళ్ళాను.