యాభై ఏళ్ల పెళ్లికూతురు

వాషింగ్టన్,
ఏప్రిల్ 12

అక్కా,

ఎలా ఉన్నావు? బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ మేమంతా కులాసా.

నీకు ఫోన్ చేద్దామనుకుని, ఇది ఫోన్‌లో చెప్తే తీరదని కాగితం తీసుకున్నాను. శనివారం ఇక్కడి కాలేజీ పిల్లలు ‘అపలాచియన్ స్ప్రింగ్’ వాయిస్తే విన్నాను. బ్యాలే కోసం ఆరన్ కోప్లండ్ రాసిన సంగీతం. 1944 అక్టోబర్ 30న ఈ ఊళ్లోనే, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో, మొదటిసారి ఆడారట. హాలు చిన్నది కాబట్టి 13 వాద్యాలకే రాశాడు. తర్వాతి ఏడాది పెద్ద ఆర్కెస్ట్రాకు మార్చాడు, ఎక్కువమందికి తెలిసింది అదే. నాకు మాత్రం ఈ చిన్న మేళమే నచ్చింది. ఎవరి ఊపిరి వాళ్లది విడిగా వినిపిస్తుంది.

కథ పెద్దగా లేదు. పెన్సిల్వేనియా కొండల్లో కొత్త ఇల్లు, కొత్త దంపతులు, దీవించడానికి వచ్చిన నలుగురూ. మన గృహప్రవేశం అనుకో. చివరికొచ్చేసరికి క్లారినెట్ ఒక పాట ఎత్తుకుంటుంది. షేకర్లనే భక్తుల పాట, 1848 నాటిది. ఒక్కసారి వింటే నోటికొచ్చేంత తేలిక. అదే వరస ఒకసారి పరుగులు పెడుతూ, ఒకసారి నెమ్మదిగా తిరిగి తిరిగి వచ్చి, ఆఖరికి అన్ని వాద్యాలూ కలిసి నిండుగా అందుకుంటే నాకు ఒళ్లు జలదరించింది. అమ్మ హారతి పాటకి ఇంటిల్లిపాదీ గొంతు కలిపినట్టే ఉంది.

అసలు సంగతి ఇది. రాస్తున్నప్పుడు కోప్లండ్‌కి ఈ పేరే తెలియదు, ‘మార్తా కోసం బ్యాలే’ అనే రాసుకున్నాడు. ఆ మార్తా గ్రాహమే నాట్యం కూర్చింది, పెళ్లికూతురుగా ఆడింది కూడా. అప్పటికి ఆవిడకి 50 ఏళ్లు! ఈ బ్యాలేని 1958లో ఫిల్ముగా తీశారు, ఇంటికొచ్చి అది చూశాను. అరవై దాటాక కూడా ఆవిడే పెళ్లికూతురు. ఇసాము నొగూచి అనే శిల్పి రంగస్థలం మీద వేసిన ఇంటికి గోడల్లేవు, కర్రల చట్రమే. చివర్లో ఆవిడ కుర్చీలో కూర్చుంటుంది, భర్త వెనక నిలబడతాడు. ఆ చూపులో వయసు నాకెక్కడా కనిపించలేదక్కా.

నువ్వు నలభై రెండేళ్లకే గజ్జెలు అటకెక్కించావు. పిల్లలకి నేర్పడం చాల్లే అన్నావు. నాకు ఆరోజు నుంచీ బాధగానే ఉంది, ఇప్పుడు చెప్తున్నాను. జూన్‌లో వస్తాను. ఫిల్ము ఇద్దరం కలిసి చూద్దాం. ఈలోపు ఆ గజ్జెలు దింపి, తోలు ఎండిపోయిందేమో చూసి పెట్టు.

నీ చెల్లెలు